ఓబులేసుకు మాటలు రావంట!

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సుంకమ్మ అనే పందికి ఓబులేసు అని ఒక్కగానొక్క కొడుకు. వాడు ఉత్త వాగుడుకాయ. నిద్రలో కూడా నోరు మూసేవాడు కాదు.

బడి ఈడు రాగానే సుంకమ్మ వాడిని చిలుక టీచరు దగ్గరికి తీసుకెళ్లింది. చిలుక ఏటి అవతల నుంచి కొత్తగా వచ్చి, ఒక పెద్ద చెట్టు కింద బడి పెట్టి, ఆ చెట్టు తొర్రలోనే తన పిల్లలతో ఉండేది.

"ముందు పరీక్ష. పిల్లాడికి ఎన్ని మాటలొచ్చో చూడాలి" అంటూ చిలుక వేరుశనగ కాయలు చూపించింది. "ఇవేమిటి?"

"బుడ్డలు!" అన్నాడు ఓబులేసు.

"తప్పు. వేరుశనగ."

తర్వాత చిలగడదుంప చూపించింది.

"గెనుసుగడ్డ! వాన పడినాక తవ్వితే భలే మెత్తగా వస్తాది. మాయమ్మ నాకే పెద్దది ఇస్తాది."

"కథలు అడగలేదు. చిలగడదుంప అనాలి. తప్పు."

మూడోసారి బొబ్బర్లు చూపించింది. ఓబులేసు రోజూ తినే అలసందలే అవి. వాడు నోరు తెరిచాడు. చిలుక ముఖం చూసి మూసేశాడు.

"ఈ పిల్లాడికి మాటలు రావు. వెనక వరుసలో కూర్చోబెడతాను" అని తేల్చేసింది చిలుక. ఇదేం పరీక్షో మీరే చెప్పండి పిల్లలూ!

సుంకమ్మకు ఒళ్లు మండిపోయింది. "మా ఇండ్లల్లో అట్లనే అంటాం టీచరమ్మా! ఒక్క మాట మమ్మల్ని అడిగితే నీ సొమ్మేం పోయె?"

"ఇంట్లో ఏమైనా అనుకోండి. బళ్లో చెల్లదు" అంది చిలుక.

ఆ రోజు నుంచి ఓబులేసు ఇంట్లో కూడా నోరు విప్పలేదు. ఆకలేసినా అడగలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం బడి చెట్టు వెనక ఎండుగడ్డి అంటుకుంది. వెనక వరుసలోని ఓబులేసే ముందు చూశాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. చిలుక చూసేసరికి మంట చెట్టెక్కింది. అందరూ అరుస్తూ పరిగెత్తారు. చిలుక తొర్రలోని తన పిల్లలను బయటికి లాగింది కానీ, అప్పటికే వాటి రెక్కలు కాలిపోయాయి.

"చూసి కూడా ఎందుకు చెప్పలేదురా?" అని చిలుక ఏడుస్తూ కసిరింది.

ఓబులేసు మెల్లగా అన్నాడు. "అగ్గి అనాల్నో, ఇంకేమన్నా అనాల్నో తెలీలేదు టీచర్. మళ్లీ తప్పంటారని..."

పొగ చూసి పరిగెత్తుకొచ్చిన సుంకమ్మ ఆ మాట వింది. చిలుక మీదికి గుర్రుమంటూ వెళ్లింది.

"వింటివా? నా కొడుక్కి ఆ మాట వచ్చు! దాన్ని వాని నోట్లోనే చంపింది నువ్వు! ముందు నీ చెవులకు పెట్టుకో పరీక్ష!"



నీతి: బిడ్డకు ఎన్ని మాటలొచ్చో తెలియాలంటే, ముందు ఆ బిడ్డ ఇంటి మాట వినాలి.