ఎత్తుకున్నవాడు ముగించకూడదు

సుదర్శనం తాను వేసిన తాళం ముందు తానే నిలబడిపోయాడు.

గిద్దలూరు అవతల, నల్లమల అంచున చెంచమ్మగారి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, కింద ఒక అరుగు, చుట్టూ చింతచెట్లు. అక్కడ తత్వాలు పాడతారు. గురుపూజ దగ్గరపడింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి శిష్యులు వస్తారు. వాళ్లు పాడవలసిన పాటలన్నీ సుదర్శనం కంప్యూటర్లో, ఒక ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు పాస్‌వర్డ్ అడుగుతోంది. అదేమిటో అతనికి గుర్తు రావడం లేదు.

ఒకప్పుడు ఆ పాటలు ఏ కంప్యూటర్లోనూ లేవు. చెంచమ్మగారు కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లు ఊరూరా తిరిగింది. మండలాఫీసులో కంప్యూటర్ పనిచేసే సుదర్శనం సెలవు దొరికితే చాలు, ఆమె వెంట నడిచేవాడు. మేకలు కాసే లింగమ్మ గట్టుమీద కూర్చుని పాడితే విన్నాడు. సున్నపుబట్టీ దగ్గర ముసలి బాలకోటయ్య, కళ్లలో నీళ్లు కారుతుంటే అవి పొగవో పాటవో తెలియకుండా పాడాడు. ఎవరింట పాట దొరికితే వాళ్లింట రాగిసంకటి తినేవారు. తిరిగొచ్చాక సుదర్శనం ఒక్కో పాటా వరసకట్టి ఎక్కించేవాడు: మొదటి చరణం, పాడినవారి పేరు, ఊరు, పాడే వరస, ఆ పక్కన పాట మొత్తం. ఆ గళ్లు నిండుతుంటే అతని కడుపు నిండినట్టుండేది.

ఇప్పుడు లింగమ్మ లేదు. బాలకోటయ్యా లేడు.

తాళం ఎందుకు పడిందో కూడా చెప్పాలి. ఆశ్రమంలో కాశింపీరా అని ఇంకో శిష్యుడున్నాడు. గిద్దలూరులో పరుపులు కుడతాడు. సుదర్శనం మొదట్లో అతనికి ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. కొన్నాళ్లకు కాశింపీరా దాన్ని తెచ్చి చూపించాడు. లింగమ్మ పాట చివర ఒక చరణం కొత్తగా చేరి ఉంది.

"ఇది లింగమ్మ పాడలేదే!" అన్నాడు సుదర్శనం.

"మా జేజి పాడేదన్నా, మా నాయన తల్లి. ఇద్దరూ కలిసి మేకలు తోలినవాళ్లే."

"లింగమ్మ పాడింది నేను విన్నాను. నువ్వు విన్నావా?"

కాశింపీరా నవ్వాడు. ఆ నవ్వు సుదర్శనానికి గుచ్చుకుంది. తన ఫైల్లోకి ఆ చరణాన్ని రానివ్వలేదు. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టాడు. ముందు చెంచమ్మగారి పేరే పెట్టాడు. ఎవరైనా ఊహిస్తారేమోనని తరవాత మార్చాడు. రాసిపెడితే ఎవరైనా చూస్తారని ఎక్కడా రాయలేదు. అప్పటినుంచి ఎవరికి ఏ పాట కావాలన్నా అతన్నే అడగాలి. అడిగించుకోవడం బాగానే ఉండేది. జాగ్రత్త వేరు, దాపరికం వేరు. మొదటిదని చెప్పుకుంటూ మనిషి రెండోదే చేస్తాడు.

గిద్దలూరు బస్టాండు పక్కన కంప్యూటర్ షాపు నడిపే సరోజిని ఫైలు చూసి తల అడ్డంగా ఊపింది.

"లోపలి షీటుకు మాత్రమే తాళం వేసుంటే ఏదో చేసేదాన్ని సార్. మీరు ఫైలుకే వేశారు."

"ఫైలు నాదే కదమ్మా!"

"దానికేం తెలుసు సార్? ఎవర్నీ రానివ్వొద్దన్నారు. అది ఆ మాటమీదే ఉంది."

ఆమె వెతకవలసిన చోట్లన్నీ వెతికింది. కంప్యూటర్ చెత్తబుట్టలో చూసింది. అది తనంతట తాను దాచుకున్న పాత ప్రతులేమైనా ఉన్నాయేమోనని చూసింది. మెయిల్లో చూసింది. దొరికిన ఒకటి రెండూ అదే తాళం అడిగాయి.

"తాళం వెయ్యకముందు ఎవరికైనా ఇచ్చారా? ఇచ్చుంటే వాళ్ల దగ్గరుంటుంది."

సుదర్శనం లేచాడు.

ఆశ్రమానికి వెళ్లేసరికి చెంచమ్మగారు అరుగుమీద చింతపండు గింజలు తీస్తోంది. సుదర్శనం ఎదురుగా కూలబడి అంతా చెప్పాడు. కాశింపీరా సంగతి మాత్రం చెప్పలేదు.

"అమ్మా, పాటలన్నీ పోయినట్టే."

ఆమె ఇంకో కాయ తీసుకుంది. గింజ తీస్తూ తీస్తూ సన్నగా పాట ఎత్తుకుంది. లింగమ్మ పాట.

*మేకలు తోలేది నేనా, ఓయమ్మా
గట్టెక్కి చూసేది నేనా...*

"'మందలో తప్పింది నేనా' అనాలమ్మా. గట్టు రెండో చరణంలో వస్తుంది," అన్నాడు సుదర్శనం.

"అట్లనా?" అని ఆమె దిద్దుకుని పాడింది. రెండో చరణంలో మళ్లీ తప్పింది. సుదర్శనం మళ్లీ అందించాడు. ఈసారి తానే గొంతు కలిపాడు. పాడుతుంటే గట్టు కనబడింది. లింగమ్మ చేతికర్ర, ఆమె కొంగున కట్టుకున్న రేగుపళ్లు కనబడ్డాయి. ఫైల్లో ఎక్కించిన తరవాత ఆ పాట తానెప్పుడూ పాడలేదని అప్పుడు తట్టింది.

చివరి చరణం ముందు ఆమె ఆగిపోయింది.

ఆ ఆశ్రమంలో ఒక కట్టుబాటు ఉంది. పాట ఎత్తుకున్నవాడు ముగించకూడదు. ఎంత బాగా వచ్చినా సరే, చివరి చరణం పక్కవాడికి వదలాలి. పక్కన ఎవరికీ రాకపోతే ఆ పాట అక్కడే ఆగిపోతుంది. చెంచమ్మగారి గురువుగారు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ముగించు నాయనా," అంది ఆమె.

సుదర్శనానికి వచ్చిన పాట అక్కడికే. ఆ తరవాతది అతను ఫైల్లోకి రానివ్వని చరణం, కాశింపీరా జేజిది.

"నాకు రాదమ్మా."

"ఎవరికొచ్చు?"

చింతగింజలు పళ్లెంలో పడుతున్నాయి. సుదర్శనం లేచి చెప్పులు వేసుకున్నాడు.

కాశింపీరా దూది ఏకుతున్నాడు. గడ్డంలో, కనుబొమల్లో దూది. సుదర్శనాన్ని చూసి యంత్రం ఆపాడు.

"ఏమన్నా, దారి తప్పినావా? పాస్‌వర్డ్ చెప్పిపోదామనా?"

"అది పోయింది."

"నేను మాత్రం ఎత్తుకుపోలేదప్పా! నా మీద వెయ్యొద్దు."

"నేనే పోగొట్టాను పీరా."

కాశింపీరా ముఖంలో వేళాకోళం తగ్గింది. చేతులు దులుపుకుని, సూదులూ దారాలూ ఉండే రేకుడబ్బా తీశాడు. అడుగున పెన్‌డ్రైవ్ ఉంది. దాని మీదా దూదే.

"తీసుకో. నువ్విచ్చిందే. నా తప్పుతో సహా ఉంది."

సుదర్శనం దాని మీది దూది తుడిచాడు. తరవాత అన్నాడు: "పీరా, నువ్వూ రా. తరవాత ఎక్కించినవి ఇందులో లేవు. అవి నోటితోనే రావాలి."

ఇద్దరూ ఆశ్రమం అరుగుమీద కూర్చున్నారు. ఆ పాటలు విన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకున్నారు. సుదర్శనం కొత్త ఫైల్లో ఎక్కిస్తుంటే కాశింపీరా పక్కన కూర్చుని చూశాడు. ఒకచోట "అట్ల కాదన్నా" అన్నాడు. సుదర్శనం వేళ్లు ఆగాయి. ఒక్క క్షణమే. తరవాత అతను చెప్పింది కూడా ఎక్కించాడు, ఎవరు చెప్పారో పేరుతో సహా.

అన్నీ రాలేదు. బాలకోటయ్య చివరిరోజుల్లో పాడినది రానే లేదు. దాన్ని విన్నది సుదర్శనం, చెంచమ్మగారు ఇద్దరే. అతనికి మాటలు గుర్తు లేవు. ఆమె వరస మాత్రం కూనిరాగంగా తీసి ఆపేసింది. సుదర్శనం ఆ గడి ఖాళీగా ఉంచాడు. పేరు, ఊరు మాత్రం రాశాడు. పని అయ్యాక ఫైలును అడిగినవాళ్లందరి ఫోన్లలోకీ పంపాడు.

గురుపూజనాడు ఎండ తగ్గాక జనం అరుగు చుట్టూ చేరారు. చెంచమ్మగారు చిడతలు పట్టుకుని కూర్చుంది.

"లింగమ్మది ఎవరెత్తుకుంటారు?" అంది.

సుదర్శనం ఎత్తుకున్నాడు. కాగితం లేదు, ఫోను లేదు. పాటలో గట్టు దాటాడు, వాగు దాటాడు. చివరి చరణం దగ్గరికి వచ్చాడు. ఇప్పుడది అతనికి వచ్చు. ఫైల్లో చదివి, రాత్రింబవళ్లు నోట్లో నానబెట్టిన చరణం.

ఆగాడు. కాశింపీరా వైపు చూశాడు.

కాశింపీరా కళ్లు మూసుకుని, తన జేజి గొంతులోంచి వచ్చినట్టు, మెల్లగా అందుకున్నాడు:

*తప్పిన మేకకే దారి తెలిసెను, ఓయమ్మా
కాపరి దాని వెంట నడిచెను.*

చెంచమ్మగారు చిడతలు ఆపలేదు. సుదర్శనం తల వంచుకుని, ఆ చరణాన్ని మొదటిసారి చివరిదాకా విన్నాడు.