దివాను గారి డోలీ

డోలీని ఇద్దరు మోస్తారు. వెనకవాడికి దారి కనిపించదు. ముందువాడు రాయి, గుంత అని కేకేస్తుంటే ఆ మాట పట్టుకుని నడుస్తాడు. ఈ కాలం వాళ్లకు ఇది ముందే చెప్పకపోతే కథ నడవదు, అందుకే చెప్పాను.

ఒకప్పుడు ఒక దివాను గారి డోలీకి ముందు పోలయ్య, వెనక ఎర్రన్న ఉండేవారు. ఒకరోజు ఇద్దరూ నడుస్తూనే రాబోయే రాజు ఎవరని వాదించుకున్నారు. ఎర్రన్నది చిన్న యువరాజు పక్షం.

"మీ చిన్న యువరాజు ఒట్టి దద్దమ్మ" అన్నాడు పోలయ్య.

లోపలున్న దివాను మండిపడ్డాడు. "కొలువులో ఉండి ఈ కూతలేమిట్రా? ఇకమీదట ఒకరి మనసు నొప్పించే మాట నీ నోట వచ్చిందా, ఆ క్షణమే నీ కొలువు ఊడుతుంది."

పోలయ్యకు ఇంట్లో ఐదుగురు పిల్లలు. నోరు మూసుకున్నాడు. వాగు దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయాడు.

"ఏమిట్రా, ఆగావు?"

"చెబితే తమరి మనసు నొచ్చుకుంటుంది బాబూ. నా కొలువు పోతుంది."

వెనకనుంచి ఎర్రన్న అందుకున్నాడు. "అయ్యా, వీడి రాజకీయం నాకు గిట్టదు. కానీ నాకు దారి చూపేది వీడి నోరే. ఏ మాట ఎవరిని నొప్పిస్తుందోనని వీడు తూకం వేసుకుంటూ కూర్చుంటే ముగ్గురం వాగులో పడతాం."

దివాను కాసేపు ఆలోచించాడు. "సరే, నీ కొలువుకేం భయం లేదు. నొప్పించినా చెప్పు."

"తమరు నిరుడు కట్టించిన వంతెన కూలిపోయింది బాబూ."

దివాను తెర తీసి చూశాడు.

"నీళ్లలో దిగి దాటించండి" అన్నాడు.

"మరి చిన్న యువరాజు సంగతి బాబూ?"

"అది ఎర్రన్నతో తేల్చుకో. నన్ను మాత్రం తడవనీయకు."