తలుపు అడుగున మూడు కన్నాలు

పైడాచారి గారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు వెంటనే దొరకదు. ముందు చేతికో పనిముట్టు దొరుకుతుంది. కమ్మరి ఇంట పుట్టి గురువైన మనిషి కనుక ఆ అలవాటు పోలేదని కొందరు సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ గురువారం మరీ మండింది.

మా ఆశ్రమం భీమిలి దాటాక, ఉప్పుగాలి తగిలేచోట ఉంది. మాకో పాత వ్యాను ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీలు చెడిన ఆరుగురిని మంగళ, శుక్రవారాల్లో పట్నం ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లి తెస్తుంది. దాన్ని నడిపేది కొండలరావు. ఇక జన్మలో కోపం తెచ్చుకోనని నాలుగేళ్ల కిందట గురువుగారి ఎదుట కొబ్బరికాయ కొట్టి మరీ వ్రతం పట్టాడు. అప్పట్నుంచి ఎవరేమన్నా పళ్లు బిగబట్టి నవ్వుతాడు. ఆ నవ్వు చూసి చూసి మా దవడలు నొప్పి పెట్టేవి.

దానికి ముందు శుక్రవారం నూకరత్నమ్మ అనే పెద్దావిడ బండెక్కి, ఎప్పటిలాగే తలుపు ధడేలున వేసింది. తలుపు అడుగు నుంచి అరచేయంత పుట్టీ పెచ్చు, రంగుతో సహా ఊడి రోడ్డు మీద పడింది. దసరాకి కొండలరావు స్వయంగా పెట్టి, రుద్ది, రంగు వేసిన పుట్టీ అది. "చావబోయేదానివి, నీకింత బలం ఎక్కడిదే!" అని అరిచాడు. బండిలో ఉన్న అయిదుగురూ విన్నారు. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది. మంగళవారం మాత్రం రాలేదు. కొండలరావూ నేనూ వెళ్లి బతిమాలాం, ఆటో పెడతామన్నాం. "నాను పోతే మీ బండి సుకంగా ఉంటాది కదా" అని లోపలికి వెళ్లిపోయింది. గురువారం పొద్దున్నే కబురొచ్చింది, కాళ్లు వాచి అడుగు వేయలేకపోతోందని. శుక్రవారం కూడా తప్పితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

అప్పుడు కొండలరావు వచ్చి గురువుగారి ముందు కూలబడ్డాడు.

"నాలుగేళ్లు ఒక్క మాట బయటికి రానివ్వలేదు గురువుగారూ. అన్నీ మింగేశాను. ఇంత సాధన చేసినవాడి నోట అంత మాట ఎలా వచ్చింది?"

గురువుగారు లేచి, "స్క్రూడ్రైవర్ పట్రా" అన్నారు.

అక్కడ మనిషి కాళ్లు వాచి పడి ఉంటే, ఇక్కడ ఈయన నేల మీద వెల్లకిలా పడుకుని వ్యాను తలుపు అడుగు తడుముతున్నారు. నేను విసుక్కున్నాను, వినపడేలాగానే. ఆయన పట్టించుకోలేదు.

"ఇక్కడ వరసగా మూడు కన్నాలుండాలి. ఏవి?"

"మూసేశానండి," అన్నాడు కొండలరావు, ఆ దుఃఖంలోనూ కాస్త గర్వంగా. "ఏటా ఆయుధపూజకి ముందు బండంతా వెతికి, ఎక్కడ కన్నం కనిపించినా పుట్టీ పెట్టేస్తాను. కన్నాల బండికి పసుపు కుంకుమ ఎలా పెడతామండీ?"

గురువుగారు కళ్లు మూసుకున్నారు. ఆయన అంత విసిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఒరే, అవి బండి చేసినవాడు పెట్టిన కన్నాలురా! అద్దం సందులోంచి వాననీళ్లు తలుపులోకి దిగుతాయి. అవి ఎటు పోవాలి, నీ నెత్తి మీదకా?"

స్క్రూడ్రైవర్ మొనతో పొడిచారు. మొదటి కన్నం తెరుచుకోగానే ఇటుకరంగు నీళ్లు ఆయన ముంజేతి మీదుగా జారాయి. రెండోదాంట్లోంచి తుప్పు రజను, దాంతోపాటు కుళ్లిన బంతిరేకులు వచ్చాయి. మూడోదాన్ని పొడవనే అక్కర్లేకపోయింది. వేలు ఆనించగానే చుట్టూ ఉన్న రేకు బిస్కెట్టులా విరిగింది. పైన రంగు మాత్రం తళతళలాడుతూనే ఉంది. కొండలరావు వంగి ఆ నీళ్లను వేలితో తాకి చూశాడు.

ఆ పగలంతా నలుగురం బండిని గీకాం. పుట్టీ ఊడగొట్టి, తీగ బ్రష్షుతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్ది, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూసి, అది ఆరాక తలుపుల లోపల పాత ఇంజనాయిలు పట్టించాం. సాయంత్రానికి బండి ఎర్రటి మచ్చలతో చూడ్డానికి దరిద్రంగా తయారైంది.

"ఈ మచ్చలతో ఊళ్లోకి ఎలా తీస్తామండీ? పైపైన కాస్త పుట్టీ పెట్టి..."

"ఇంకోసారి పుట్టీ అన్నావంటే ఆ డబ్బా నీ నెత్తిన బోర్లిస్తాను."

"పోనీ, ఇక తుప్పు రాదు కదండీ?"

"సముద్రం పక్కన కాపురం పెట్టి రాకూడదంటే ఎలారా? వస్తుంది. రోజూ మంచినీళ్లతో కడుగు, కన్నాలు తెరిచి ఉంచు. నెమ్మదిగా వస్తుంది."

శుక్రవారం పొద్దున ఆ మచ్చల బండి నూకరత్నమ్మ గుమ్మం ముందు ఆగింది. నేనూ వెంట ఉన్నాను. మంచం మీద కూర్చున్న ఆవిడ ముఖం తిప్పుకుంది. కొండలరావు ఈసారి నవ్వలేదు.

"అమ్మా, అనకూడని మాట అన్నాను. తప్పు నాదే. నువ్వు తలుపు బాదినప్పుడల్లా నాకు మండేది. నాలుగేళ్లుగా మండుతోంది. చెప్పకుండా నవ్వుతూ వచ్చాను."

ఆవిడ గిరుక్కున ఇటు తిరిగింది.

"నాలుగేళ్లా? ఓరి నీ మొకం మండ! మెల్లగా ఏస్తే పడదేమో, దార్లో తెరుసుకుంటాదేమోనని బయపడి గట్టిగా ఏసీదాన్నిరా. మొదటి దినమే సెప్పుంటే మెల్లగా ఏద్దును కదా!"

ఆవిడ ఇంకో నాలుగు తిట్లు తిట్టి, చెయ్యి చాపింది. "పట్టుకో. కాళ్లు ఆనట్లేదు." బండెక్కాక తలుపును రెండు చేతులతో పట్టి, మెల్లగా లాగింది. అది చక్కగా పడింది. ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరికంటే ముందు లోపలికి తీసుకెళ్లారు.

సాయంత్రం తిరిగొచ్చి కొండలరావు జరిగిందంతా గురువుగారికి చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? "కోపం పూర్తిగా పోయే ఉపాయం మాత్రం తమరు ఇంకా చెప్పనేలేదండీ" అన్నాడు. నేను తల పట్టుకున్నాను.

గురువుగారు సముద్రం మీది మబ్బు వైపు చూశారు.

"వాన వచ్చేలా ఉంది. వెళ్లి ఆ కన్నాలు ఒకసారి చూసిరా."