పైడమ్మ గంపకింద మట్టిరంగు పెట్ట

అనగనగా ఎర్రమట్టి కొండ కింద ఒక ఊళ్ళో, నా అన్నవాళ్ళు లేని పైడమ్మ ఉండేదట. ఊఁ కొట్టు బంగారం.

ఆ ఊళ్ళో కోళ్ళన్నీ మల్లెపూలంత తెల్లన. తెల్లపెట్ట లక్ష్మి అని దాచుకునేవారు. రంగుపిల్ల పుడితే జాతరకి అమ్మోరికి ఇచ్చేసేవారు. ఒక ఏడు పైడమ్మ చుక్కల మట్టిరంగు పిల్లనొకదాన్ని కొంగులో దాచేసింది.

అది పెట్టయ్యాక ఊరిపెద్ద అప్పలనాయుడు గుమ్మంలోకొచ్చాడు. "ఏటే పైడమ్మా, అమ్మోరి సొత్తు గంపకింద దాస్తావా?"

"బదులు నన్ను పట్టుకుపో నాయుడూ. పొద్దుగూకాక నా మాటకి పలికేది ఇదొక్కతే."

"మనసొప్పని కోడిని అమ్మోరు ముట్టదు. ఉంచుకో. ఇక మా గుమ్మాలు తొక్కకు."

అప్పట్నుంచి ఆమెకి నిప్పిచ్చేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళు లేరు.

ఆ తర్వాత కొండమీదికి గద్దలొచ్చాయి. ఎర్రమట్టిలో తెల్లకోడి చీకట్లో దీపంలా కనబడదూ! ఒక్కొక్కటే తన్నుకుపోయాయి. ఊరివాళ్ళు డప్పులు కొట్టారు, గద్దలకి అలవాటైపోయింది. గంపలకింద మూశారు, కోళ్ళు మేతలేక చిక్కిపోయాయి. అప్పుడు కోళ్ళకి ఎర్రమట్టి పూశారు! నవ్వకే పిల్లా. గుడ్లు చిట్లితే మళ్ళీ తెల్లపిల్లలే. పైపూత కడుపులోకి దిగుతుందా? కొండమీది అమ్మోరుతల్లైనా, బతికేవాటిని ఉన్నవాటిలోంచే కదా ఏరాలి. ఏరడానికి ఊళ్ళో రెండో రంగేదీ?

పైడమ్మ గంపకింద ఉంది.

అప్పలనాయుడు తలపాగా చేతబట్టుకుని వచ్చాడు. "అప్పా, నాలుగు గుడ్లు..."

ఎన్నాళ్ళకో గడపదాటి వచ్చిన మనిషి! పైడమ్మ ముందు పీట వేసింది. తర్వాత గుడ్లిచ్చింది.

ఇంటింటా పెట్టలకింద పొదగేశారు. పిల్లల్లో కొన్ని తెల్లవి, కొన్ని మట్టివి. తెల్లవి గద్దల పాలయ్యాయి. మట్టివి మిగిలి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపాయి. ఏళ్ళు గడిచేసరికి ఊరంతా మట్టిరంగే.

ఆ తర్వాత పైడమ్మ గుమ్మంతో ఎవరికీ పనిలేదు. ముసలిపెట్టా పోయింది.

ఒక సాయంత్రం అలవాటుకొద్దీ నూకలు చల్లి "బా బా బా" అంది. అప్పుడు వీధివీధినుంచీ మట్టిరంగు కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. అవే చుక్కలు, అదే నడక. కడుపునిండా తిని, వేటి గంపలకి అవి వెళ్ళిపోయాయి.

ఒక పిల్ల మాత్రం వెళ్ళలేదు. తెల్లపిల్ల. "తెల్లది గద్దని పిలుస్తుంది, జాతరకి అమ్మోరికిచ్చేద్దాం" అంటున్నారట ఇప్పుడు ఊళ్ళో.

పైడమ్మ కొండకేసి ఒక దణ్ణం పెట్టింది. ఖాళీ గంప ఎత్తింది. "రా తల్లీ. నీకూ ఎవరూ లేరేటి?"

కోళ్ళు గంపలోకి, కళ్ళు నిద్దట్లోకి,
కథ కంచి దారిలోకి, నువ్వు నా కొంగులోకి.