కలివికోన పెడమొగం రంగస్వామి

కలివికోనలో బస్సు దిగి ఏటి గట్టు వెంట ముప్పావు గంట నడిస్తే రంగస్వామి గుడి వస్తుంది. ఆటోలు సగం దారి వరకే వస్తాయి, ఆపైన రాళ్ళదారి. గుడి చిన్నది, గోపురం లేదు. లోపల స్వామి శేషుని మీద పడుకొని ఉంటాడు గాని, ఆయన మొగం గోడవైపు ఉంటుంది. భక్తులకు కనిపించేది వీపు, ఒక భుజం, జారిన జుట్టుముడి మాత్రమే. ఇంత దూరం వచ్చి వీపు చూసి పోవాలా అని విసుక్కునేవారు రోజూ ఒకరైనా ఉంటారు. వారిని మేము తప్పుపట్టము. స్వామి మాత్రం వారి కోసం ఇటు తిరగడు.

ఈ గుడిలో మేలుకొలుపు పాడరు, పొద్దున గంట కొట్టరు. ‘లెమ్ము’ అన్న మాట గడప లోపల ఎవరి నోటా రాకూడదని నియమం. ఇలా ఎందుకు ఏర్పడిందో తెలుసుకోగోరే యాత్రికుల కోసం ఈ నాలుగు పేజీలు.

పూర్వం ఇక్కడ స్వామి, తక్కిన రంగనాథులందరి వలెనే, భక్తులవైపు మొగం పెట్టి ఉండేవాడు. రోజూ తెల్లవారగానే గడప ముందు ఒక కొత్త మేలుకొలుపు పద్యం చెప్పాలి. చెప్పిన తరువాతే తలుపు తీయాలి. నిన్నటి పద్యం నేడు పనికిరాదు. ఆ పని స్వామికి పూలు కట్టే సాతానివారి ఇంటిది. తండ్రి పోయాక కూతురు నాంచారమ్మకు వచ్చింది. తొమ్మిదేళ్ళపాటు ఆమె ఒక్క పొద్దు తప్పలేదు. ఆమె పద్యం వినడానికి రైతులు ఎడ్లను ఆపుకొని గట్టున నిలబడేవారని చెబుతారు.

ఆ పని చేపట్టిన పదవ ఏట ఆమెకు దిగులు పట్టింది. ఇంట్లో చావు లేదు, ఊళ్ళో కరువు లేదు. భర్త వరదయ్య పల్లెత్తు మాట అనే మనిషి కాడు. ఏమొచ్చిందని అడిగినవారికి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోయింది. ఆ లేకపోవడమే ఆమెకు సిగ్గయింది. అన్నం నోట్లో మట్టిలా ఉండేది. బంతిపూల ముందు కూర్చుంటే వాటిని ఎందుకు కట్టాలో తోచేది కాదు. నిద్ర రాదు, వచ్చినా మెలకువ రావడమే పెద్ద శిక్ష. కళ్ళు తెరవగానే ఇంకొక రోజు గుండె మీద కూర్చునేది.

అయినా ఆమె పద్యం చెప్పడం మానలేదు. ఇక్కడే ఆమె పొరపాటు చేసింది. తండ్రి నేర్పిన మాటలనే అటూ ఇటూ తిప్పి, వెలుగు వచ్చిందనీ తామరలు విచ్చాయనీ లోకమంతా సంతోషించిందనీ చెప్పసాగింది. వెలుగు ఆమెకు కనబడింది లేదు, సంతోషం ఎలా ఉంటుందో జ్ఞాపకమైనా లేదు. అలా నలభై రోజులు స్వామికి అబద్ధం చెప్పింది. ఊరు అంతకు ముందుకన్నా ఎక్కువ మెచ్చుకుంది. మెచ్చుకున్నకొద్దీ తన లోపల ఎవరూ లేరని ఆమెకు రూఢి అయింది.

నలభై ఒకటవ పొద్దున ఆమె లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. గుడి తలుపు మూసే ఉండిపోయింది. తలుపు తీయనిదే ఊళ్ళో పొయ్యి వెలిగించరాదు గనుక జనమంతా ఆమె వాకిట్లో చేరారు. దిష్టి తీశారు, వేపమండలతో కొట్టించారు, తాయెత్తు కట్టారు. మనసు గట్టి చేసుకోమన్నారు. నీకేమి తక్కువని అడిగారు. అందరూ ఆమె మంచి కోరినవారే, అందుకే వారిని కసిరి పంపడానికి ఎవరికీ నోరు రాలేదు. ధర్మకర్త ఓబుళనాయుడు మాత్రం, మూడో పొద్దుకు పద్యం రాకపోతే ఆ పని వేరొక ఇంటికి ఇస్తానని కబురు పంపాడు.

నాంచారమ్మను ఆ కబురు బాధ పెట్టలేదు. ఇక తాను దేనికీ అక్కరలేదన్న ఆలోచన అప్పటికే ఆమెలో స్థిరపడింది. గుడికి ఎగువన ఏటిలో లోతైన మడుగు ఉంది. మూడో తెల్లవారుజామున వరదయ్యకు కునుకు పట్టినప్పుడు ఆమె బయలుదేరింది. మడుగు దారి గుడి ముందు నుంచే పోతుంది. స్వామితో ఒక్క నిజమైనా చెప్పి పోదామని మూసిన తలుపు ముందు ఆగింది.

తెల్లవారెనంట, నాకు తెలియరాదు.
పిట్ట కూసెనంట, నాకు వినరాదు.
లెమ్మని నిన్నెట్ల లేపుదును రంగా,
లేచేది ఎందుకో నాకె తెలియరాదు.

చెప్పి, తలుపుకు ఆనుకొని కూర్చుంది. నెలల తరబడి రాని నిద్ర అక్కడ రెప్ప మీద పడింది. కలలో స్వామి వీపు కనిపించింది. ఆయన ఇటు తిరగకుండానే అన్నాడు: “నలభై దినాలు నువ్వు లేపినట్టు లేపితివి, నేను లేచినట్టు ఉంటిని. ఇంక నన్ను లేపబాకు.” నీ కష్టం తీరుస్తానని ఆయన అనలేదు. ఆమె కూడా అడగలేదు.

మెలకువ వచ్చేసరికి అర్చకుడు గరుడాచార్యులు ఎదుట నిలబడి ఉన్నాడు. పద్యం చెప్పావా అని అడిగితే ఆమె తల ఊపింది. ఆయన తలుపు తీశాడు. స్వామి గోడవైపు తిరిగి ఉన్నాడు.

ఊరు విరగబడి వచ్చింది. చెడుపద్యం చెప్పి దేవుడిని తిప్పేసిందని ఓబుళనాయుడు అందరి ముందూ అన్నాడు. ఆమె పొలిమేర దాటిపోవాలన్నాడు. వరదయ్య ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. నాంచారమ్మ ఆ గొడవ వినలేదు. అందరూ స్వామిని చూస్తుండగా ఆమె ఎగువకు నడిచిపోతున్నది.

చూసినవాడు గరుడాచార్యులు ఒక్కడే. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో రాళ్ళ మీద పడుతూ లేస్తూ మడుగు దగ్గర ఆమెను కలుసుకున్నాడు. మొగుడిని తలుచుకోమనలేదు, పాపమని భయపెట్టలేదు. ఒక రాతి మీద కూలబడి, నీళ్ళు చూస్తూ అడిగాడు.

“రేపటి పద్యం ఎవరు చెప్తారు తల్లీ?”

“నాకు పద్యం రాదు స్వామీ. ఏడుపు ఒకటే వస్తుంది.”

“ఆయన మొగమే తిప్పుకున్నాడు గాని చెవులు మూసుకోలేదు కదా. అదే వచ్చి చెప్పు. రేపు వస్తావా?”

పొద్దు బారెడెక్కింది. ఆమె నీళ్ళ నుంచి చూపు తిప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. చివరికి ఆమె “చూస్తాను” అంది.

మర్నాడు వచ్చింది. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు వచ్చింది. ఆమెను పొలిమేర దాటించడానికి గరుడాచార్యులు ఒప్పుకోలేదు. ఓబుళనాయుడు మూడుసార్లు కొత్త విగ్రహం చేయించాలని చూశాడు గాని ఏ శిల్పీ ఒప్పుకోలేదు. ఈ పుస్తకం పాత ముద్రణలో, స్వామి కృపతో నాంచారమ్మ దిగులు పూర్తిగా తీరిపోయిందని ఉండేది. అది నిజం కాదు గనుక ఈసారి తీసివేశాము. కొన్ని నెలలు తేలికగా ఉండేది, మళ్ళీ కమ్ముకునేది. ఆమె పద్యాలు రాసుకున్న తాటాకులు గుడిలో ఉన్నాయి. చదివితే గుండె చెరువవుతుంది. ఒక వానాకాలమంతా ఆకు మీద ‘వచ్చినాను’ అన్న ఒక్క మాటే ఉంది. చివరి ఆకు రాసిన రోజున ఆమె ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నదట. వరదయ్య భుజం పట్టి నడిపించుకొని వస్తే, పద్యం చెప్పి, సాయంత్రానికి ఇంట్లో కన్నుమూసింది.

నేటికీ ఇక్కడ కోరికలు కోరే ఆచారం లేదు. వచ్చినవారు స్వామి వీపు వెనక కూర్చుని, తమ లోపల ఉన్నది ఉన్నట్టుగా ఒక పద్యంగానో, పాటగానో, వట్టి మాటగానో చెబుతారు. మాట రానివారు ఊరక కూర్చోవచ్చు. పక్కవారు ఓదార్చకూడదు. డాక్టరు రాసిన మందులు మాని ఎవరూ ఇక్కడికి రావద్దని దేవస్థానం వారి మనవి. ఈ స్వామిని దర్శిస్తే దిగులు పోతుందని మేము రాయలేము, పోనివారిని చాలామందిని ఎరుగుదుము.

తీర్థం ఇచ్చాక అర్చకులు దీర్ఘాయుష్మంతులు కండని దీవించరు. ప్రతి ఒక్కరినీ వంగి, మెల్లగా, “రేపు వస్తావా?” అని అడుగుతారు. వస్తానని మాట ఇవ్వనక్కరలేదు. ‘చూస్తాను’ అన్నా చాలు. రోజూ ఇదే అడిగినా నాంచారమ్మ ఇరవై రెండేళ్ళూ అంతకంటే ఎక్కువ చెప్పలేదు.