రెండు చేతుల గంట

అనగనగా మన గోదారి కాలవ గట్టున ఒక చిన్న ఊళ్ళో ఒక గంట ఉండేది. పెంకుటి గుడి, అదే చర్చి, దాని ముందు, రెండు తాటి మొద్దుల మధ్య వేలాడేది. దాన్ని కొట్టేవాడు ఓబేదు తాత. ఆయన భార్య తబితమ్మ. పడుకునే వినరా చిన్నీ, దుప్పటి నేను సర్దుతాలే.

ఓబేదు తాత గంట కొడితే ఎలా ఉండేదనుకున్నావు? ఒక్కో దెబ్బా తీరిగ్గా, ఎవరో పెద్దమనిషి నడిచి వస్తున్నట్టు ఉండేది. చేలో నాట్లేసే ఆడవాళ్ళు నడుములెత్తి వినేవారు. తబితమ్మ పొయ్యి ముందు కూర్చుని "అదిగో, మా ఆయన" అనుకునేది. ముప్పై ఏళ్ళు అలాగే అనుకుంది.

అప్పుడు ఒక వానాకాలం ఓబేదు తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చెయ్యి ఉందిగానీ, ఆ బరువు గంటకి ఒక్క చెయ్యి చాలదు. సంఘపెద్ద యాకోబు గారు కొట్టడం మొదలెట్టారు. పాపం మంచివారే. కానీ ఆయన కొడితే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని ఎవరో పరిగెత్తినట్టు ఉండేది. అది వినబడ్డప్పుడల్లా ఓబేదు తాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ తిరగడం తబితమ్మ చూళ్ళేకపోయేది.

అప్పుడు తబితమ్మ మోకాళ్ళ మీద పడింది. "ప్రభువా, క్రిస్మస్ పండక్కి మా ఆయనే గంట కొట్టాలి. ముందు వేళ్ళు కదిలించు, తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం. పండక్కి పది రోజుల ముందే అయిపోతే ఆయనకి అలవాటవుతుంది" అని చెప్పింది.

మంచం మీంచి ఓబేదు తాత అంతా విన్నాడు. "ఏమే, పని నువ్వే చెప్పావు, గడువు నువ్వే పెట్టావు. ఇంక దేవుడు మనింట్లో పాలేరుగా కుదరడమే తరువాయి" అన్నాడు. మూతి వంకరపోయి ఉందేమో, నవ్వూ వంకరగానే వచ్చింది.

నెల గడిచింది. ఒక్క వేలూ కదల్లేదు.

ఆ తర్వాత తబితమ్మ ఇంకో దారి పట్టింది. మనం అన్నం వండే ముందు దేవుడికని గుప్పెడు బియ్యం తీసి కుండలో వేస్తాం కదా, ఆదివారం గుడికి పట్టుకెళ్తాం. ఆవిడ రెండు గుప్పిళ్ళు వెయ్యడం మొదలెట్టింది. తర్వాత మూడు. ఎక్కువేస్తే త్వరగా వింటాడని ఆవిడ ఆశ. దేవుడి కుండ నిండుతోంది, ఇంట్లో ఎసట్లోకి బియ్యం తగ్గిపోతున్నాయి.

ఒకరోజు ఓబేదు తాత గంజి గిన్నెలోకి తొంగి చూశాడు. "ఇందులో నా మొహం కనిపిస్తోందే. దేవుడికి అంత ఆకలిగా ఉందా తబితా?"

తబితమ్మకి ఏడుపొచ్చింది. "మరేం చెయ్యమంటావయ్యా? అడగొద్దంటావా?"

"అడుగు. సిలువకి ముందు రాత్రి తోటలో ప్రభువు కూడా తన బాధ దాచుకోలేదు. ఈ చేదు గిన్నె తీసెయ్ తండ్రీ అనే అడిగాడు. ఆ తర్వాత, నీ ఇష్టం అన్నాడు. నువ్వు ఆ రెండో మాట దాకా రావట్లేదు."

"ఆ మాటంటే నాకు భయం. అన్నానంటే ఇంక చెయ్యి రాదేమో."

ఓబేదు తాత ఎడమ చేత్తో గంజి గిన్నె పక్కన పెట్టాడు. ఆ తర్వాత మెల్లిగా అన్నాడు, "నాకూ భయమే. ఒక్కణ్ణే అనలేక ఊరుకున్నాను."

అప్పుడు, ఈసారి ఇద్దరూ కలిసి ప్రార్థన చేశారు. పడిపోయిన ఆ చేతిని తబితమ్మ ఒళ్ళో పెట్టుకుంది. "తండ్రీ, ఈ చెయ్యి బాగుపడాలని మా ఆశ. నీ చిత్తమైతే లేపు. లేపకపోతే మా పక్కనే నడువు" అంది. గడువు చెప్పలేదు. ఆమేన్ మాత్రం ఇద్దరూ అన్నారు. మర్నాటి నుంచి దేవుడి కుండలో ఒకటే గుప్పెడు పడింది. గంజి చిక్కబడింది.

ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది. చెయ్యి లేచిందా అమ్మమ్మా, అంటావు కదూ? లేవలేదురా నాన్నా.

కానీ పండగ పొద్దున ఓబేదు తాత గోడవైపు తిరగలేదు. "చొక్కా తొడుగు తబితా, గుడికి పోదాం" అన్నాడు. వాళ్ళు రావడం చూసి యాకోబు గారు తాడు వదిలి పక్కకి జరిగారు. ఓబేదు తాత ఎడమ చేత్తో తాడు పట్టుకున్నాడు. దాని కింద తబితమ్మ తన చెయ్యి వేసింది.

"నేను లాగినప్పుడే లాగు. నీకు తోచినప్పుడు కాదు."

"ముప్పై ఏళ్ళు విన్నానయ్యా, నాకు తెలీదూ?"

లాగారు. ఆవిడ రవ్వంత ఆలస్యం చేసింది. ఠంగుమని ఒక దెబ్బ పడింది, దాన్ని అంటుకునే చిన్నగా ఇంకోటి. మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది. గుమ్మానికి కాగితం నక్షత్రం కడుతున్న ఒకావిడ చెయ్యాపి విన్నది. "పెద్దమనిషి మళ్ళీ నడిచొస్తున్నాడు" అంది. ఇంకాసేపు విని, "పక్కన ఇంకెవరో కూడా ఉన్నారు" అంది.

ఆ తర్వాత ఓబేదు తాత బతికిన తొమ్మిదేళ్ళూ ఆ గంట అలాగే మోగింది. నేను నీ అంత ఉన్నప్పుడు మా అమ్మ చంకనెక్కి విన్నాను. ఇప్పుడక్కడ మైకు పెట్టారనుకో. అయినా కళ్ళు మూసుకుంటే నాకు ఆ రెండడుగులే వినిపిస్తాయి. నువ్వూ మూసుకో, వినిపిస్తాయేమో చూద్దాం.

గంటేమో గుడికి,
గుప్పెడేమో దేవుడికి,
కథేమో కంచికి,
చిన్నిగాడేమో నిద్దరకి.