రాళ్ళకింద ఊపిరి

తనకంటే వెనక వచ్చిన పావనిని గురువుగారు మెచ్చుకుంటే చాలు, ఆ పూట సుధీంద్రకు అన్నం సయించేది కాదు.

రహమతుల్లా మాస్టారి ప్రయోగశాలలో ఇద్దరిదీ ఒకే విద్య. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటారు. గుసగుసంత బలహీనమైన రేడియో తరంగాలు అన్నివైపులకూ గోడలూ రాళ్ళూ దాటి వెళ్ళి, దేనికైనా తగిలి తిరిగొస్తాయి. ఎంత దూరం వెళ్ళొచ్చాయో బెత్తెడు తేడా లేకుండా చెబుతాయి. శిథిలాల కింద మనిషి ఛాతీ ఊపిరికి కదిలినా పసిగడతాయి.

వానాకాలంలో కొండ ఊళ్ళకు వెళ్ళే సహాయక బృందం ఒక్క పరికరమే తీసుకెళ్తానంది. ఇద్దరూ చెరొకటి తయారుచేశారు. ఎవరిది? మాస్టారు పరీక్ష పెట్టారు. ప్రయోగశాల వెనక రాళ్ళగుట్ట కింద పొడవాటి సిమెంటు తూము ఏటవాలుగా ఉంది. అందులో ఒకరు పడుకోవాలి, రెండోవారు వెతకాలి.

ముందు సుధీంద్ర పడుకున్నాడు. పావని చిటికెలో కనిపెట్టింది. అతను బయటికి వచ్చేసరికి, పరికరం రాళ్ళమీదే ఉంది, ఆవిడ మాత్రం తెర పట్టుకుని దూరంగా గోడవార నిలబడి ఉంది.

"అబ్బో, మహారాణి! దుమ్ము అంటుకుంటుందని కాబోలు" అని కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

ఇప్పుడు పావని తూములో ఉంది. సుధీంద్ర పరికరం పసిగట్టే శక్తిని చివరంటా పెంచి, దాని మీదికే వంగి కూర్చున్నాడు. తెరమీద ఇంతెత్తున అల లేచింది.

"మూరెడు దూరంలోనే ఉంది సార్!"

రాళ్ళు తీశాడు. ఎవరూ లేరు. పరికరాన్ని అవతలికి జరిపాడు. అక్కడా మూరెడే అంది. అక్కడా ఎవరూ లేరు. చెమటలు పట్టాయి, రొప్పు మొదలైంది. గెలుపు ఆవిడకే పోతోందన్న మంటలో నోటికి హద్దు లేకుండా పోయింది.

"కావాలనే చేస్తోంది సార్! నన్ను ఓడించాలని లోపల ఊపిరి బిగబట్టింది!"

మాస్టారు వచ్చి పక్కన కూర్చుని, అరచేత్తో అతని ముక్కూ నోరూ మెత్తగా మూశారు.

తెరమీది పెద్ద అల పడిపోయింది. నిలువెత్తు లోతు నుంచి సన్నటి గీత ఒకటి, నింపాదిగా పైకీ కిందికీ ఆడుతూ కనిపించింది.

సుధీంద్రకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మాస్టారు చెయ్యి తీశారు.

"ఆ పిల్ల ఇంతసేపూ ఊపిరి తీసుకుంటూనే ఉంది నాయనా."